పదో తరగతి పిల్లలకు పాలిటెక్నిక్ దారి ఎవరు చెప్పాలి?

హనుమకొండ కానీ, కరీంనగర్ కానీ, మంచిర్యాల కానీ, పదో తరగతి చదివే పిల్లలున్న ఇంటికి సంక్రాంతి దాటిందో లేదో ప్రైవేటు జూనియర్ కాలేజీల పీఆర్వోలు వచ్చేస్తారు. ఇప్పుడే సీటు బుక్ చేసుకుంటే ఫీజులో రాయితీ అంటారు. ముందస్తు అడ్మిషన్లు చెల్లవని ఇంటర్ బోర్డు ఎంత హెచ్చరించినా ఈ తంతు ఆగదు. ఎంపీసీనా, బైపీసీనా అన్న రెండు మాటల్లోనే పిల్లల భవిష్యత్తు తేలిపోతోంది. పాలిటెక్నిక్, అంటే పదో తరగతి తర్వాత చేసే మూడేళ్ల ఇంజినీరింగ్ డిప్లొమా, అన్న మూడో మాట ఎవరి నోటా రాదు. ఆ మాట చెప్పినవాళ్లకు కమీషన్ రాదు కదా.

లెక్కలు వచ్చి, యంత్రాలంటే ఇష్టం ఉండి, ఇంటర్‌కే లక్షలు పోయలేని ఇళ్ల పిల్లలకు ఇంతకన్నా మంచి దారి ఉత్తర తెలంగాణలో లేదు.

ఏళ్ల లెక్క చూడండి. ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు, మొత్తం ఆరు. డిప్లొమా మూడేళ్లు, డిప్లొమా పిల్లలకు పెట్టే ఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరితే ఇంకో మూడేళ్లు, మొత్తం ఆరే. తేడా ఎక్కడంటే, డిప్లొమా పిల్లల చేతిలో మూడో ఏడాది చివరికే ఉద్యోగానికి పనికొచ్చే పట్టా ఉంటుంది. అసిస్టెంట్ ఇంజినీరు, రైల్వే జూనియర్ ఇంజినీరు, విద్యుత్ పంపిణీ సంస్థల సబ్ ఇంజినీరు పోస్టులకు అదే అర్హత. ఇంట్లో ఇబ్బంది వచ్చి చదువు అక్కడితో ఆగినా బతుకుదెరువుకు ఢోకా లేదు. బీటెక్ మొదటి ఏడాదిలోనే ఆపేసిన పిల్లవాడికి మిగిలేది ఇంటర్ మెమో ఒక్కటే.

పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్‌కు వేరే కోచింగ్ అక్కర్లేదు. అడిగేవన్నీ పదో తరగతి పాఠాలే. ఇంజినీరింగ్ కోర్సులకు రాయాల్సిన 120 ప్రశ్నల్లో లెక్కలు 60, ఫిజిక్స్ 30, కెమిస్ట్రీ 30. సమయం రెండున్నర గంటలు, అంటే ప్రశ్నకు 75 సెకన్లు. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్క గడి కూడా ఖాళీగా వదలొద్దు. ఓసీ, బీసీలకు అర్హత మార్కులు 36. వాటితో ర్యాంకు వస్తుంది కానీ మంచి ప్రభుత్వ కాలేజీలో కోరుకున్న బ్రాంచి రాదు.

పిల్లలు దెబ్బతినేది ఎక్కువగా కాగితాల దగ్గర. నాలుగు నుంచి పది దాకా ప్రతి తరగతికీ స్టడీ సర్టిఫికెట్ కావాలి. నడుమ చదివిన ప్రైవేటు బడి మూతపడి ఉంటే కౌన్సెలింగ్ వారంలో దాని కోసం పరుగెత్తి లాభం లేదు, దసరా సెలవుల్లోనే సంపాదించి పెట్టుకోవాలి. ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ బడి రికార్డుతో సరిపోయాయా చూసుకోవాలి. ఆదాయ సర్టిఫికెట్ మాత్రం పాతది చెల్లదు, ఆ ఏడాది జనవరి వచ్చాకే మీసేవలో తీయించాలి. తర్వాత వెబ్ ఆప్షన్లు. నాలుగు కాలేజీలు పెట్టి ఊరుకుంటే సీటు చేజారుతుంది, చేరడానికి ఒప్పుకునే ప్రతి కాలేజీనీ వరుసలో పెట్టాలి. చేరాక మొదటి ఏడాది లెక్కలు, ఇంగ్లిష్‌లో పాఠాలు తెలుగు మీడియం పిల్లలను తడబడేలా చేస్తాయి. అక్కడ సబ్జెక్టు తప్పి బ్యాక్‌లాగ్ పడితే ఈసెట్ దాకా వెంటాడుతుంది.

ఇంటర్‌ను కాదంటే ఎన్ఐటీ, ఎంబీబీఎస్ తలుపులు మూసుకుంటాయి కదా అంటారు. నిజమే. వరంగల్ ఎన్ఐటీలో సగం సీట్లు రాష్ట్రం పిల్లలవే, వాటికి జేఈఈ తప్పనిసరి, ఈసెట్‌తో అక్కడ చేరలేరు. ఆ శక్తి, ఆ పట్టుదల ఉన్నవాళ్లు వెళ్లాల్సిందే. ఆ కొద్దిమంది కోసం వేసిన బాటలోకి అందరినీ తోలడమే అన్యాయం.

దీని వెనకున్న అసలు జబ్బు చేతిపని మీద చిన్నచూపు. ఇంజినీరంటే హైదరాబాద్‌లో కంప్యూటర్ ముందు కూర్చునే మనిషి అన్న భ్రమ ఊరూరా పాకింది. రామగుండంలో టర్బైన్ తిరగాలన్నా, భూపాలపల్లి గనిలో కన్వేయర్ ఆగకూడదన్నా, గీసుగొండ టెక్స్‌టైల్ పార్కులో మిల్లు నడవాలన్నా కావాల్సింది యంత్రం విప్పి బిగించగల చేయి. ఐటీఐ పిల్లలకూ మెట్లున్నాయి. రెండేళ్ల ట్రేడ్ పూర్తిచేసి, వాళ్ల కోసం పెట్టే ఎల్‌పీసెట్ ప్రవేశ పరీక్ష రాస్తే డిప్లొమా రెండో ఏడాదిలో చేరవచ్చు, అక్కడి నుంచి ఈసెట్. ఈ సంగతి తెలిసిన తల్లిదండ్రులు ఊరికి ఎందరు?

తొమ్మిదో తరగతి పిల్లలను ప్రతి సర్కారు హైస్కూలూ దగ్గర్లోని పాలిటెక్నిక్ వర్క్‌షాపుకు ఒక పూట తీసుకెళ్లాలి. లేత్ మీద ఇనుము చెక్కడం కళ్లారా చూడనివ్వాలి, వెంట తల్లిదండ్రులనూ పిలవాలి. పదో తరగతి సంక్రాంతి దాకా ఆగితే పీఆర్వోలు ముందే ఇల్లు చేరతారు.