తుపాకీ తన్నేది తర్వాత, గురి తప్పేది ముందు

ఏ క్యాలిబర్‌కు, అంటే ఏ తూటా సైజుకు, గురి బాగా కుదురుతుంది? పిస్టళ్ల గురించి మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఇది. పిస్టల్‌ను కదలకుండా స్టాండుకు బిగించి కాల్చి చూడండి. బ్యారెల్, తూటాలు మంచివైతే 9 ఎంఎం అయినా, పాయింట్ 45 (అంగుళాల్లో తూటా వ్యాసం) అయినా 25 మీటర్ల దూరంలో రంధ్రాలు దగ్గరదగ్గరగానే పడతాయి. అసలు తేడా పిస్టల్ మనిషి చేతిలోకి వచ్చాకే మొదలవుతుంది.

9 ఎంఎం తూటా బరువు సుమారు 8 గ్రాములు, వేగం సెకనుకు 350 మీటర్లు. పాయింట్ 45 తూటా దాదాపు 15 గ్రాములు, వేగం 255 మీటర్లు. రెండింటి శక్తీ 490 జూళ్ల దగ్గరే ఉంటుంది. అయినా పాయింట్ 45 గట్టిగా తన్నుతుంది, అంటే పేలినప్పుడు పిస్టల్ చేతిని వెనక్కి గట్టిగా తోస్తుంది. తన్ను ఎంతో తేల్చేది ద్రవ్యవేగం, అంటే బరువును వేగంతో హెచ్చిస్తే వచ్చేది. ఆ లెక్కన పాయింట్ 45ది మూడో వంతు ఎక్కువ. పాయింట్ 40 ఈ రెండింటి మధ్యన ఉంటుంది. పాయింట్ 22కి 9 ఎంఎంలో మూడో వంతు కూడా ఉండదు.

పిస్టల్ బరువునూ మరిచిపోకూడదు. 1.1 కిలోల ఉక్కు పిస్టల్‌లో పాయింట్ 45 నెమ్మదిగా తోసినట్టుంటుంది. పాయింట్ 38 స్పెషల్ నిజానికి 9 ఎంఎం కన్నా మెత్తనిది. దాన్నే అర కిలో కూడా లేని చిన్న రివాల్వర్‌లో కాలిస్తే అరచేయి మండుతుంది.

తూటా బ్యారెల్ దాటడానికి సుమారు ఒక మిల్లీసెకను చాలు. ఆ తన్ను మన మెదడుకు తెలిసేసరికి తూటా ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది. మరి గురి ఎందుకు తప్పుతుంది? తన్నుతుందన్న భయంతో, ట్రిగ్గర్ నొక్కేటప్పుడే మణికట్టు బిగుసుకుని కిందికి వంగుతుంది. గురి చూసుకునే ముందు సైటుకూ వెనక సైటుకూ మధ్య 165 మిల్లీమీటర్ల దూరం ఉన్న పిస్టల్‌లో, సైటు ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే 25 మీటర్ల దగ్గర దెబ్బ 15 సెంటీమీటర్లు తప్పుతుంది.

ఈ భయాన్ని పట్టుకోవడానికి కోచ్‌లు మ్యాగజైన్‌లో షూటర్‌కు తెలియకుండా ఒక డమ్మీ తూటా కలుపుతారు. దాని వంతు వచ్చినప్పుడు ట్రిగ్గర్ నొక్కితే పేలుడు ఉండదు, కానీ బ్యారెల్ కొస టక్కున కిందికి వంగుతుంది. అప్పటిదాకా తప్పంతా సైట్లదే అనుకున్న మనిషికి అసలు సంగతి కళ్ల ముందే కనిపిస్తుంది.

ఇది కొత్తవాళ్ల సమస్య మాత్రమే కాదు. 1986లో మయామీ కాల్పుల్లో ఇద్దరు ఏజెంట్లను పోగొట్టుకున్నాక అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఇంకా శక్తిమంతమైన 10 ఎంఎం వైపు, ఆ తర్వాత పాయింట్ 40 వైపు వెళ్లింది. 2014లో దాని శిక్షణ విభాగమే 9 ఎంఎంను సమర్థించింది. తమ షూటర్లలో ఎక్కువమంది పాయింట్ 40 కన్నా 9 ఎంఎంతోనే వేగంగా, గురిగా కాలుస్తున్నారన్నది అది చూపిన కారణాల్లో ఒకటి.

అందుకే కొత్తవాళ్ల చేతికి మొదటి రోజే చాలా గట్టిగా తన్నే పాయింట్ 44 మాగ్నమ్ ఇచ్చి నవ్వుకునేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. ఆ ఒక్క తూటాతో పట్టుకున్న భయం వదలడానికి నెలలు పట్టొచ్చు. పాయింట్ 22తో మొదలుపెట్టడం చిన్నతనమేమీ కాదు, ఒలింపిక్స్ 25 మీటర్ల పిస్టల్ పోటీలు జరిగేది దానితోనే. డమ్మీ వంతు వచ్చినా బ్యారెల్ కొస కదలకుండా నిలిచిన రోజున 9 ఎంఎం అందుకోవచ్చు.