నాకైతే కనిపిస్తోందండీ

గుంటూరు మిర్చి యార్డుకు చేరువలోని ఒక కోల్డ్ స్టోరేజీలో, మంచి సీజన్ నడుమ జరిగిన మహత్తర సాంకేతిక సదస్సు విశేషాలను భావితరాల కోసం భద్రపరచడం నా విధిగా భావిస్తున్నాను. సదస్సుకు కారణం చిన్నదే. నిల్వలు చూసే గుమాస్తా అమ్మాయి తెర మీద, ఫలానా వ్యూకు (డేటాబేస్‌లోని టేబుల్‌లో కొంత భాగాన్నే చూపే కిటికీకి) పర్మిషన్ లేదంటూ ఒక్క వాక్యం ప్రత్యక్షమైంది. ఏ వ్యూకు లేదో పేరుతో సహా ఆ వాక్యంలోనే ఉంది. అయితే తెర మీద వచ్చిన ఎర్రర్‌ను చదవడం మన ఆఫీసుల్లో మర్యాద కాదు గనుక, ముందు ఆ అమ్మాయి చేత కంప్యూటర్ ఆపించి మళ్లీ వేయించారు, తరువాత బ్రౌజర్‌లో పాతదంతా తుడిపించారు, అప్పటికీ కుదరకపోయేసరికి పాస్‌వర్డ్ మార్పించారు.

తెలిసి కూడా మరిచిపోయిన పెద్దల కోసం ఒక మాట చెప్పి ముందుకు వెళ్తాను. అక్కడి అసలు టేబుల్‌లో రైతు పేరు, ఊరు, ఫోన్ నంబరు, ఆధార్, బ్యాంకు ఖాతా, తేజ రకం మిర్చి ఎన్ని టిక్కీలు (బస్తాలు), 334 రకం ఎన్ని, తాలు (రంగు పోయిన కాయ) ఎంత, ఆ సరుకు నిల్వ బాండు మీద ఏ బ్యాంకులో ఎంత అప్పు తెచ్చుకున్నాడు, ఇవన్నీ ఒకే వరుసలో ఉంటాయి. గుమాస్తాకు కావలసింది లాటు నంబరు, రకం, టిక్కీల లెక్క, ఏ ఛాంబర్‌లో ఉన్నాయి అన్నంత వరకే. అంత వరకే చూపి మిగిలినది కంటపడకుండా ఉంచడానికే వ్యూ పెట్టారు. ఐబీఎం పరిశోధకులు డొనాల్డ్ చాంబర్లిన్, జిమ్ గ్రే, ఇర్వింగ్ ట్రైగర్ 1975లోనే వ్యూలనూ అనుమతులనూ కలిపి ఒకే పత్రంలో చర్చించారు. అర్ధ శతాబ్దం గడిచినా ఆ కబురు మన సదస్యులకు ఇంకా చేరినట్టు లేదు.

ఇక సదస్సు. సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీ ఇంజనీరు హైదరాబాద్ నుంచి, కన్సల్టెంటు గారు విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఆగిపోయిన కారులో నుంచి, మేనేజరు గారు తన గదిలో నుంచి, ఆయన బావమరిది ఏ హోదాలో వచ్చాడో తెలియకుండానే ఫోన్ మీదకు వచ్చారు. ఇంజనీరు తన లాగిన్‌తో వ్యూ తెరిచి, “నాకైతే కనిపిస్తోందండీ” అన్నాడు. కన్సల్టెంటు గారు ఒడిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని తెరిచి, “నాకూ కనిపిస్తోందండీ” అని ధ్రువీకరించారు. మేనేజరు గారికీ కనిపించింది. బావమరిదికి సైతం కనిపించింది, అతడికి ఆ లాగిన్ ఎవరిచ్చారని ఎవరూ అడగలేదు. “ఇంతమందికి కనిపిస్తున్నది నీకొక్కదానికే ఎందుకు కనపడదమ్మా?” అని మేనేజరు గారు కాస్త గట్టిగానే నిలదీశారు. “ఒకసారి నా లాగిన్‌తో చూడండి సార్” అని ఆ అమ్మాయి అంది. ఆ రోజు అక్కడ పలికిన మాటలన్నింటిలో పనికొచ్చేది అదొక్కటే. “అమ్మా, మీరు కాసేపు మ్యూట్‌లో ఉండండి, పెద్దవాళ్లం మాట్లాడుతున్నాం” అని కన్సల్టెంటు గారు ఆదేశించారు.

కనిపించిందన్న నలుగురివీ సూపర్‌యూజర్ లాగిన్‌లు, అంటే అన్ని హక్కులూ ఉన్నవి. అక్కడి డేటాబేస్ అయిన పోస్ట్‌గ్రెస్‌లో సూపర్‌యూజర్‌ను ‘ఈ వ్యూ చూసే హక్కు నీకుందా’ అని అడిగే నాథుడే ఉండడు. పొట్ట నిండిన నలుగురు కూర్చుని, ఎదుటివాడికి ఆకలి వేస్తోందో లేదో తమ పొట్టలు తడుముకుని తేల్చినట్టుగా ఆ పరీక్ష సాగింది. సెట్ రోల్ అని ఆ అమ్మాయి రోల్ (డేటాబేస్‌లో ఆమె ఖాతా) పేరు కొట్టి, ఆ వేషంలో ఒక్క సెలెక్ట్ (చదివే ఆజ్ఞ) నడిపితే నిమిషంలో తేలిపోయేది. నలుగురిలో ఒక్కరికీ ఆ తలపు రాలేదు.

జరిగింది నిజానికి అతి సామాన్యమైనది. ముందు రాత్రి అప్‌డేట్‌లో ఇంజనీరు వ్యూ నడిమధ్యన ఒక కొత్త కాలమ్ చేర్చాలనుకున్నాడు. ఉన్న వ్యూనే మార్చే క్రియేట్ ఆర్ రీప్లేస్ ఆజ్ఞ వాడితే పాత అనుమతులు అలాగే నిలుస్తాయి, కానీ అది కొత్త కాలమ్‌ను చివరన తప్ప మధ్యలో ఒప్పుకోదు. అందుకని ఆయన వ్యూను డ్రాప్ చేసి (తీసేసి) మళ్లీ కట్టాడు, డ్రాప్‌తో పాటే అనుమతులూ పోయాయి. “పోయినేడు స్కీమాలో ఉన్నవాటన్నిటికీ ఇచ్చాం గదా” అని కన్సల్టెంటు గారు వాపోయారు. స్కీమా అంటే టేబుళ్లూ వ్యూలూ ఉండే అర, దానిలోని వాటన్నిటికీ అనుమతి ఇచ్చారు, నిజమే. ఆ ఆజ్ఞ ఆ రోజున ఉన్నవాటికే చెల్లుతుంది, తరువాత పుట్టేవాటికి డిఫాల్ట్ ప్రివిలేజెస్ విడిగా పెట్టుకోవాలి. అవీ పెట్టారు. కానీ తన లాగిన్‌తో సృష్టించేవాటికి మాత్రమే పెట్టుకున్నారు. ఈ వ్యూను సృష్టించిన లాగిన్ వేరు. చదివే హక్కు ఇచ్చే ఒక్క వరుస గ్రాంట్ సెలెక్ట్‌తో కథ అక్కడే కంచికి వెళ్లవలసింది. (ఒరాకిల్ అనే మరో డేటాబేస్ వాడే వారు నవ్వుకోనక్కరలేదు. అక్కడ హక్కు లేనివాడికి ‘అసలు అలాంటి టేబుల్ గానీ వ్యూ గానీ లేదు’ అని 00942 నంబరు ఎర్రర్ వస్తుంది. ఉందన్న సంగతి కూడా పరాయివాడికి తెలియనీయకపోవడం మంచి పద్ధతే, కాకపోతే మన మేనేజరు గారి లాంటి వారు ఆ మాట నమ్మి, లేదంటున్న టేబుల్‌ను మళ్లీ కట్టించడానికి కొటేషన్లు పిలుస్తారు.)

అంత తేలికగా తెమిలితే అది సదస్సు ఎలా అవుతుంది? “ఓనర్‌ను మార్చి చూద్దాం” అని కన్సల్టెంటు గారు సెలవిచ్చారు. వ్యూ యాజమాన్యాన్ని అప్లికేషన్ లాగిన్‌కు, అంటే సాఫ్ట్‌వేర్ తాను డేటాబేస్‌లోకి వెళ్లడానికి వాడే లాగిన్‌కు, రాసేశారు. ఆ లాగిన్‌కు అసలు టేబుల్ చదివే హక్కు లేదు. పోస్ట్‌గ్రెస్‌లో వ్యూ మామూలుగా అడిగినవారి హక్కులతో కాక, తన ఓనర్ హక్కులతోనే టేబుల్‌ను చదువుతుంది. 2022లో వచ్చిన 15వ వెర్షన్ నుంచి సెక్యూరిటీ ఇన్వోకర్ అనే ఐచ్ఛికం పెట్టుకుంటే అడిగినవారి హక్కులు చూస్తుంది గానీ, ఇక్కడ దాన్ని ఎవరూ పెట్టలేదు. ఫలితంగా ఆ క్షణం నుంచి వ్యూ ఎవ్వరికీ కనపడలేదు, సూపర్‌యూజర్లతో సహా. అంతటి సమానత్వం ఆ ఆఫీసులో మునుపెన్నడూ లేదు.

ఈసారి ఆ నలుగురికీ ‘టేబుల్‌కు పర్మిషన్ లేదు’ అని ఎర్రర్ వచ్చింది. ఎవరికి లేదని ఎవరూ ఆలోచించలేదు, తప్పు చేసేది గుమాస్తాయే కదా! అసలు టేబుల్ మొత్తం చదివే హక్కును ఆమెకు ఇచ్చారు. వ్యూ తెరుచుకోలేదు, లేనిది ఓనర్‌కు గనుక తెరుచుకోదు. ఆమెను సూపర్‌యూజర్‌ను చేశారు. అప్పటికీ తెరుచుకోలేదు. చివరికి అప్లికేషన్ లాగిన్‌నే సూపర్‌యూజర్‌ను చేశారు. తెరుచుకుంది. ఫోన్‌లో చప్పట్లు వినిపించాయి, బావమరిది టీలు చెప్పాడు.

నవ్వించడానికి ఇంతవరకు ఓపిక పట్టాను, ఇక పట్టలేను. ఆ అప్లికేషన్ లాగిన్ పాస్‌వర్డ్ కాటా దగ్గరి కుర్రాడికి కూడా తెలుసు. ఏ రైతు ఏ బ్యాంకుకు ఎంత బాకీ ఉన్నాడో, వాయిదా ఎప్పుడో తెలిస్తే చాలు, అతడు ఏ వారంలో ఏ ధరకైనా తెగనమ్ముకుంటాడో బేరగాడికి తెలిసిపోతుంది. అప్పుడు క్వింటాలుకు తగ్గే ప్రతి రూపాయీ ఆ రైతు గొంతు మీద కాలు వేసి తీసుకున్నదే. ఒక్క వరుస ఆజ్ఞ రాయడం చేతకాక, ఎవడిది చేతకానితనమో తేలుతుందన్న భయంతో, ఊరి రైతుల గుట్టునంతా ఊరందరి ముందు పరిచారు. పైగా దాన్ని సమస్యా పరిష్కారం అంటున్నారు! 2023 నాటి వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో, తగిన భద్రత పాటించని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా రాసి ఉంది. ఆ చట్టం పేరు ఎత్తితే మేనేజరు గారు, “మనది చిన్న ఆఫీసండీ” అన్నారు. చిన్న ఆఫీసులో ఉన్నంత మాత్రాన రైతు ఆధార్ నంబరు చిన్నదైపోతుందా?

ఇచ్చిన సూపర్‌యూజర్ హక్కులన్నీ వెనక్కి తీసుకోండి, ఓనర్‌కు ఆ టేబుల్ మీద సెలెక్ట్ ఒక్కటి, గుమాస్తాకు వ్యూ మీద సెలెక్ట్ ఒక్కటి చాలు అని కాగితం మీద రాసి ఇస్తే, కన్సల్టెంటు గారు శ్రద్ధగా చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు. “ఇప్పుడు నడుస్తోంది కదండీ, కదపడం ఎందుకు, సీజన్ అయ్యాక చూద్దాం” అన్నారు. యార్డుకు ఎండాకాలం సెలవులొస్తాయి. అవి ముగిశాక ఏసీ సరుకు (కోల్డ్ స్టోరేజీలో దాచిన మిర్చి) అమ్మకాలు మొదలవుతాయి, అది ఖాళీ అయ్యే లోపే కొత్త పంట దిగుతుంది. కోల్డ్ స్టోరేజీలో సీజన్ ఎప్పుడు అవుతుందో మాత్రం ఆయన చెప్పలేదు.