ఐ7 స్టిక్కరు, 18 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్

మా మేనల్లుడు వాట్సాప్‌లో ఒక కొటేషన్ ఫోటో పంపాడు. తిరుపతిలోనే ఒక షాపులో రాసిచ్చిన చీటీ అది. ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, 2 జీబీ గ్రాఫిక్ కార్డు, 500 వాట్ ఎస్‌ఎంపీఎస్ (లోపలి పార్టులన్నిటికీ కరెంటు అందించే డబ్బా)తో సహా ఆర్‌జీబీ గేమింగ్ క్యాబినెట్. దాని కింద వాడి ప్రశ్న: ‘‘బాగుండాదా మామా?’’

వాడు ఇంజినీరింగ్ రెండో ఏడాది. ఇంట్లో ఇస్తామన్నది మానిటర్‌తో కలిపి 60 వేలు. చీటీలో రేటు అంతకన్నా బాగా తక్కువ ఉందని వాడి సంబరం. నా అనుమానమూ అక్కడే. ఏ ఐ7 అని కనుక్కోమన్నాను. 4770 అట, నాలుగో తరం, 2013 నాటి సరుకు. గ్రాఫిక్ కార్డు జీటీ 730, అది 2014లో వచ్చింది. మొత్తం మీద కొత్తవి క్యాబినెట్టూ, దాని ముందు రంగులు మార్చుకుంటూ తిరిగే మూడు ఫ్యాన్లూ.

షాపువాణ్ణి తిట్టి లాభం లేదు. కౌంటర్ దగ్గర నిలబడే తండ్రి అడిగేది ఒకటే: ‘‘ఐ5 వస్తుందా, ఐ7 వస్తుందా?’’ కొటేషన్ ఆ ప్రశ్నకు జవాబుగానే తయారవుతుంది. ప్రాసెసర్ పేరు పైన పెద్దక్షరాల్లో పడుతుంది, ఎస్‌ఎంపీఎస్ అడుగున క్యాబినెట్ తోక పట్టుకుని వస్తుంది. తక్కువ డబ్బులో గేమింగ్ సిస్టం కట్టేటప్పుడు తూకం తప్పేది ఇక్కడేనని నా అభిప్రాయం. పేరు ఉన్న వస్తువుకు డబ్బు పోతుంది, పని చేసే వస్తువుకు మిగలదు.

ఆ 4770లో 4 కోర్లు (లెక్కలు చేసే భాగాలు), 8 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు). 2022లో వచ్చిన ఐ3-12100ఎఫ్‌లోనూ అంతే. కానీ ఒక్కో కోరు చేసే పనిలో ఈ ఐ3 ఆ ఐ7ను చాలా వెనక్కి నెట్టేస్తుంది. పేరులో 7 ఉన్నంత మాత్రాన ఒరిగేదేమీ లేదు. పైగా విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, విండోస్ 11 అధికారిక జాబితాలో నాలుగో తరం ప్రాసెసర్లు లేవు. ఎలాగో తంటాలుపడి ఎక్కించినా వాలరెంట్ లాంటి ఆట విండోస్ 11 మీద టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు లేనిదే తెరుచుకోదు. మా వాడి హాస్టల్లో సాయంత్రమైతే అందరూ ఆడేది అదే.

మరి తూకం అంటే ఏమిటి? అన్ని పార్టులకూ సమానంగా డబ్బు పంచడం కాదు. తెర మీద కనిపించే ఒక్కో ఫ్రేమ్‌ను ముందు ప్రాసెసర్ సిద్ధం చేయాలి, తర్వాత కార్డు గీయాలి. కార్డు ఒకటి గీస్తుండగానే ప్రాసెసర్ తర్వాతిది మొదలుపెడుతుంది, కాబట్టి వేగాన్ని తేల్చేది ఇద్దరిలో నెమ్మదివాడే. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కోదానికి దొరికే సమయం దాదాపు 16.7 మిల్లీసెకన్లు. 144 కావాలంటే 6.9 మాత్రమే. ప్రాసెసర్ 8 మిల్లీసెకన్లలో తన పని ముగించి, కార్డు 20 తీసుకుందనుకోండి, వచ్చేది 50 ఫ్రేములే. అక్కడ ప్రాసెసర్‌కు ఇంకో పది వేలు పోసినా ఒక్క ఫ్రేమ్ పెరగదు. అదే మనిషి రిజల్యూషన్ తగ్గించి వాలరెంట్ ఆడితే కథ తిరగబడుతుంది. కార్డు ఖాళీగా కూర్చుని ప్రాసెసర్ కోసం ఎదురుచూస్తుంది. అందుకే రెండు పేర్లు కొడితే ‘ఇంత శాతం బాటిల్‌నెక్’ (ఒక పార్టు ఇంకోదాన్ని ఆపడం) అని చెప్పే వెబ్‌సైట్లను నేను నమ్మను. ఆట మారితే ఆ శాతం మారిపోతుంది.

కాబట్టి మొదట తేల్చుకోవాల్సింది మానిటర్. 1080పీ తెరలో సుమారు 20.7 లక్షల పిక్సెల్స్ ఉంటాయి, 1440పీలో 36.9 లక్షలు. అంటే కార్డు నెత్తిన ముప్పాతిక వంతు అదనపు బరువు. 60 వేలలో 1440పీ మాట ఎత్తకపోవడమే మంచిది. మానిటర్ పోను మిగిలినదాంట్లో 40 శాతం దాకా కార్డుకే పెట్టమంటాను. ఈ బేరంలో ఆర్‌ఎక్స్ 6600 లాంటి 8 జీబీ కార్డు సరిగ్గా ఇముడుతుంది. 4 జీబీవి ఇప్పుడు కొంటే కొత్త ఆటల్లో టెక్స్చర్లు (బొమ్మల మీది సన్న వివరాలు) తగ్గించుకుంటూ బతకాలి. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీతో ఇంకో చిక్కుంది. అది పీసీఐఈ లేన్లు (బోర్డుకూ కార్డుకూ మధ్య డేటా దారులు) నాలుగే వాడుతుంది, పాత పీసీఐఈ 3.0 బోర్డులో పెడితే ఉన్న కాస్త వేగమూ పడిపోతుంది.

సెకండ్ హ్యాండ్ కార్డు పాపమేమీ కాదు. 2022 సెప్టెంబర్‌లో ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ మైనింగ్ (కార్డులతో నాణేలు సంపాదించడం) ఆగిపోయాక రాత్రింబవళ్ళు తిరిగిన కార్డులు మార్కెట్లో పోగుపడ్డాయి. అరగంట ఆట ఆడించి, వేడి చూసి, ఫ్యాన్ చప్పుడు విని తీసుకోవాలి.

ప్రాసెసర్‌కు రైజెన్ 5 5600 చాలు. 6 కోర్లు, 32 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ), కూలర్ పెట్టెలోనే వస్తుంది. పేరు దగ్గరగా ఉన్న 5500, 5600జీ వేరు. వాటిలో క్యాష్ సగమే, పీసీఐఈ కూడా 3.0యే. కార్డు ఆరు నెలల తర్వాత కొనుక్కుంటాను అనేవాడికైతే 5600జీ మంచి ఎంపిక, లోపలి గ్రాఫిక్స్‌తో అంతదాకా నెట్టుకురావచ్చు. ‘ఈ ప్రాసెసర్ కూర్చునే ఏఎం4 సాకెట్ పాతబడింది, ఏఎం5కి పో’ అని సలహా ఇచ్చేవాళ్ళున్నారు. భవిష్యత్తుకు అది నిజమే, కానీ ఏఎం5కి డీడీఆర్5 అనే కొత్త రకం ర్యామ్ తప్పనిసరి. 2025 చివరి నుంచి ర్యామ్ రేట్లు ఎలా మండుతున్నాయో చూస్తున్నాం. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులను ఊడ్చుకుపోతుంటే, క్రూషియల్ పేరుతో మనకు ర్యామ్ అమ్ముతూ వచ్చిన మైక్రాన్ ఆ వ్యాపారమే మానేస్తున్నట్టు 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. రేపటి అప్‌గ్రేడ్ కోసం ఈరోజు కార్డును కుదించడం నాకు నచ్చదు.

ర్యామ్ సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. 16 జీబీ ఒకే స్టిక్ కాకుండా 8 జీబీవి రెండు అడగండి. రెండు దారుల్లో డేటా నడుస్తుంది, ఆట కుదుపులు తగ్గుతాయి. ఇంటికొచ్చాక బయోస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లో) ఎక్స్‌ఎంపీ ఆన్ చేయాలి, లేకపోతే 3200 అని రాసున్న ర్యామ్ చాలాసార్లు 2666 దగ్గరో అంతకన్నా కిందో ఉండిపోతుంది.

ఇక ఆ 500 వాట్ ఎస్‌ఎంపీఎస్. దాని పక్కన అంటించిన లేబుల్ ఫోటో తీసి పంపమన్నాను. +12 వోల్టుల గడిలో 18 ఆంపియర్లు అని ఉంది. 12ను 18తో గుణిస్తే 216 వాట్లు. కార్డు, ప్రాసెసర్ రెండూ తాగేది ఈ గడి నుంచే. ఆర్‌ఎక్స్ 6600కి 132, 5600కి ఎక్కువలో ఎక్కువ 76, కలిపితే 208. ఫ్యాన్లకూ బోర్డుకూ మిగిలింది 8 వాట్లు! అసలు కార్డుకు పెట్టే 8 పిన్ కేబులే అందులో లేదు. ‘కన్వర్టర్ వేసిస్తాం అన్నా’ అన్నారట షాపులో. కొటేషన్‌లో నాకు భయం పుట్టించింది ఐ7 కాదు, ఈ మాట. పేరున్న కంపెనీ 550 వాట్ బ్రాంజ్ రేటింగు (కరెంటు వృథా తక్కువని చెప్పే గుర్తు) ఉన్న ఎస్‌ఎంపీఎస్‌కు పెట్టే డబ్బు మీద బేరం ఆడకూడదు. అది కాలితే ఒక్కోసారి ఒంటరిగా పోదు, పక్కవాటినీ తీసుకుపోతుంది.

మన ఊరి కరెంటునూ లెక్కలో వేసుకోవాలి. బ్యాటరీలు చేసే అమరరాజా కరకంబాడిలోనే ఉన్నా, యూపీఎస్ కొనమంటే మాత్రం జనం ముఖం తిప్పుకుంటారు. ఇన్వర్టర్ ఉందిగా అంటారు. స్క్వేర్ వేవ్ (నునుపు లేని కరెంటు) ఇచ్చే ఇన్వర్టర్ మీద యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటును సర్దుబాటు చేసుకుని తీసుకునే ఏర్పాటు) ఉన్న ఎస్‌ఎంపీఎస్‌లు కొన్ని సరిగా నిలబడవు, కరెంటు పోగానే సిస్టం రీస్టార్ట్ అవుతుంది. ఎండాకాలం ఇంకో పరీక్ష. మే నెలలో 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం, పై అంతస్తు అద్దె గదిలో, ముందు గ్లాసు మూసిన క్యాబినెట్ గాలి పీల్చలేక ఆయాసపడుతుంది. జాలీ ముఖం ఉన్న మామూలు క్యాబినెట్ తీసుకుంటే రంగులు పోతాయి, చల్లదనం వస్తుంది.

ఎక్కడ కొనాలి? మా కాలంలో సప్తగిరి రైలెక్కి, చెన్నై సెంట్రల్లో దిగి రిచీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్స్ బజారుకు పోవడమే తెలుసు. ఇప్పటికీ కొన్ని పార్టులు అక్కడ చవకే. కాకపోతే బిల్లు లేకుండా ఇస్తే జీఎస్టీ 18 శాతం తగ్గుతుందని ఆశపడి ఒకసారి నేనూ కార్డు తెచ్చుకున్నాను. ఏడాది తిరక్కుండానే ఫ్యాన్ ఆగిపోయింది. బిల్లు ఏదన్నారు. ఆ కార్డు ఇప్పటికీ బీరువా మీదే ఉంది.

మా వాడు ఆన్‌లైన్ రేట్లన్నీ పక్కన రాసుకుని, కొత్త జాబితాతో అదే షాపుకు వెళ్ళాడు. నేనూ వెంట వెళ్ళాను. కౌంటర్లో ఉన్నాయన చీటీని రెండుసార్లు చదివి, ఎస్‌ఎంపీఎస్ మోడల్ నంబర్ దగ్గర వేలు పెట్టి ఆగాడు. ‘‘ఇదెవురూ అడగరు తమ్ముడూ. అందుకే పెట్టుకోము’’ అన్నాడు. ఎవరికో ఫోన్ చేసి కనుక్కుని, రెండు రోజుల్లో తెప్పిస్తానని, బిల్లుతోనే ఇస్తానని చెప్పి, 5 వేలు అడ్వాన్స్ రాసుకున్నాడు.