తొక్కిన వారికి తొక్కినంత కరెంటు

కరెంటు పోయిన ప్రతిసారీ కొవ్వొత్తి కోసం తడుముకునే అగత్యం ఇక లేదు. పాత సైకిలును స్టాండు మీద నిలబెట్టి, వెనుక చక్రానికి బెల్టుతో ఒక డీసీ మోటారును (బయటి నుంచి తిప్పితే అదే జనరేటరు) తగిలించి తొక్కితే ఇంటికి కావలసిన విద్యుత్తు ఇంట్లోనే పుడుతుందని విజ్ఞులు సెలవిస్తున్నారు. కదిలే అయస్కాంతం తీగచుట్టలో కరెంటు పుట్టిస్తుందని ఫారడే అనే శాస్త్రవేత్త 1831లోనే నిరూపించాడు కాబట్టి సిద్ధాంతరీత్యా ఈ పథకానికి వంక పెట్టలేము. వంకలు పెట్టేవి మోకాళ్లు మాత్రమే.

ఆరోగ్యవంతుడైన మామూలు మనిషి గంటసేపు ఆగకుండా తొక్కితే పెడలు దగ్గర సుమారు 100 వాట్లు పుడతాయి. గొలుసు, బెల్టు, జనరేటరు, బ్యాటరీ, ఇన్వర్టరు తలా కాస్త వాటా కొట్టేయగా (మధ్యవర్తులు లేని వ్యవస్థ ఎక్కడుంది కనుక!) సాకెట్టుకు 60 వాట్లు చేరితే అదృష్టమే. కండరాల సామర్థ్యం ఇంచుమించు పాతిక శాతమే కనుక, అదే సమయంలో ఆ మనిషి ఒంట్లోంచి మరో 300 వాట్లు వేడిగా బయటికి పోతాయి. ఆ వేడికి ఫ్యాను కావాలి. పాతరకం సీలింగు ఫ్యానుకు దాదాపు 75 వాట్లు కావాలి. అంటే తొక్కేవాడు తన చెమట ఆర్చే ఫ్యానునైనా పూర్తిగా తిప్పుకోలేడు. ఆ లోటు పూడ్చడానికి రెండో సైకిలు తెస్తే, దాని మీద కూర్చున్నవాడికీ గాలి కావాలి కదా అన్న ప్రశ్న వస్తుంది. స్వావలంబన కోరేవారు ఇలాంటి చిల్లర లెక్కలకు జంకరాదు.

ఫ్రిజ్ జోలికి పోకపోవడమే మేలు. నడిచేటప్పుడు బుద్ధిగానే ఉన్నా, కంప్రెసరు మొదలయ్యే క్షణంలో అది అనేక రెట్లు కరెంటు లాగుతుంది. 1,000 వాట్ల ఇస్త్రీపెట్టె సంగతి మరింత గంభీరమైనది: ఒక్క చొక్కా నలగకుండా ఉండాలంటే పదిహేడుగురి చొక్కాలు తడిసి ముద్దవ్వాలి.

ఇక ఒక్క యూనిట్ కరెంటు (1,000 వాట్లు గంటసేపు) కావాలంటే దాదాపు పదిహేడు గంటలు తొక్కాలి. అందుకు ఖర్చయ్యే శక్తి సుమారు 6,000 కిలోకాలరీలు, అంటే మామూలు మనిషి రెండున్నర మూడు రోజుల తిండి. ఆ తిండి వండటానికి ఎంత ఇంధనం కాలిందో లెక్కవేసే దురుద్దేశం మాకు లేదు.

నిర్మాణంలో కరెంటును ఒకే దిశలో పోనిచ్చే ఒక చిన్న డయోడును మరవకూడదు. అది లేకపోతే తొక్కేవాడు అలసి ఆగిన మరుక్షణం బ్యాటరీలోని కరెంటు వెనక్కి పారి, ఇంతసేపూ జనరేటరుగా ఉన్నదాన్ని మోటారుగా మార్చి, చక్రాన్ని గిరగిరా తిప్పేస్తుంది. చూసినవారు యంత్రం తనంతట తానే నడుస్తోందని మురిసిపోతూ ఉండగా, గంటల తరబడి కూడబెట్టిన కష్టార్జితం కొద్దికొద్దిగా హరించుకుపోతుంది.

నిజానికి ఎల్ఈడీ బల్బులు, ఫోన్లు, రౌటరు వరకు ఈ సైకిలు మర్యాదగానే పనిచేస్తుంది. 9 వాట్ల బల్బులు ఆరింటిని ఒక్క మనిషి వెలిగించగలడు. అయితే ఇంత నిరాడంబరమైన ప్రయోజనాన్ని చెప్పుకుంటే పథకం గౌరవానికి భంగమని కాబోలు, ప్రచారకులు ఎప్పుడూ ఇల్లంతా వెలిగిపోతుందనే అంటారు.

మీటరు లేని ఈ వ్యవస్థలో కరెంటు చౌర్యం మాత్రం సాగదు. బ్యాటరీ ఖాళీ అయ్యాక భారమంతా నేరుగా కాళ్ల మీదే పడుతుంది. పక్క గదిలో ఎవరో చప్పుడు చేయకుండా ల్యాప్‌టాప్ ప్లగ్గు పెట్టిన మరుక్షణం పెడలు బిగుసుకుని, తొక్కేవాని పిక్కలకు ఆ సంగతి తెలిసిపోతుంది. అతడు నిరసనగా సైకిలు దిగిపోతాడు. ఇల్లంతా చీకటైపోతుంది. ల్యాప్‌టాప్ మాత్రం తన సొంత బ్యాటరీ మీద నిక్షేపంగా నడుస్తూనే ఉంటుంది.