సవరణ: మెనియర్ వ్యాధి, ఉప్పు లెక్క

మెనియర్ వ్యాధి (లోపలి చెవి జబ్బు, ఉండుండి తల గిర్రున తిరుగుతుంది) ఉన్నవారికి రోజుకు 2 గ్రాముల సోడియం మించకూడదని లోగడ రాశాను. కొందరు దాన్ని 2 గ్రాముల ఉప్పుగా చదువుకుని చప్పిడి కూడు తింటున్నారట. అక్కర్లేదు. 2 గ్రాముల సోడియం అంటే సుమారు 5 గ్రాముల ఉప్పు, ఒక చిన్న చెంచాడు. కాకపోతే మన కడప ఇళ్లలో ఊరగాయ, అప్పడం, దోసె మీది ఎర్రకారం కలిసి అందులో సగం ముందే మింగేస్తాయి. వాటినీ లెక్కలో వేయండి. ఎండలో చెమటోడ్చేవారు, బీపీ మాత్రలు వాడేవారు ముందు వైద్యుణ్ణి అడగాలి.

ఇంకొకటి. ప్రోక్లోర్‌పెరజిన్ మాత్ర తల తిరుగుడు ముంచుకొచ్చినప్పటికే. నెలల తరబడి రోజూ మింగితే చేతులు వణకడం, ఒళ్లు బిగుసుకుపోవడం రావచ్చు. రోజూ వాడమని ఇచ్చేది సాధారణంగా బీటాహిస్టిన్. రెండింటినీ కలగాపులగం చేయకండి.