మహారాజశ్రీ ఒక్క ముక్క గారికి

విజయవాడ, పటమట నుంచి మీ పాత స్నేహితుడు రాసుకునే లేఖ. ఉభయకుశలోపరి.

మొన్న కనుమ రోజు గుంటూరులో మా మేనత్త గరిటెలో కూర్చుని నా విస్తరి దాకా వచ్చారు మీరు. జానెడు ఎత్తున ఆగి, దిగనా వద్దా అన్నట్టు ఊగారు. “ఒక్క ముక్కేరా. ఒక్క ముక్కకి ఏమవుద్ది?” అంది అత్త. ఈలోగా గరిటె అంచు నుంచి నూనెబొట్టు ఒకటి జారి నా పప్పన్నం మీద పడింది. ఎర్రగా, నిండుగా, గోంగూర పీలిక ఒకదాన్ని వెంటేసుకుని. పంక్తిలో పదకొండు మంది తినడం ఆపి ఆ బొట్టునే చూస్తున్నారు. నేను ఆ మేరకు అన్నం వేలితో పక్కకి తోశాను. అంతే. “అబ్బో, మడి!” అన్నాడు బావ.

అసలు మిమ్మల్ని ‘ఒక్క’ అని ఎవరన్నారో గానీ, మీరు ఒంటరిగా వచ్చిందెప్పుడు? మీ వెనక కాస్త పులుసు, పులుసు వెనక ఇంకో ముక్క, ఆ వెనక “మళ్ళీ ఎప్పుడొస్తావో ఏమో” అంటూ గిన్నె మొత్తం వస్తుంది.

ఇంతా చేస్తే ఆ పండగ మీది కాదు. కనుమ నాడు మినుము తినాలన్నారు పెద్దలు. సామెతలో మీ పేరు ఎక్కడా లేదు. ఈ మాటే పంక్తిలో అన్నాను. “సరే, గారెలు తిను. దేంట్లో నంజుకుంటావ్?” అని అడిగింది అత్త. నా దగ్గర జవాబు లేదు. కోడికూర లేని గారె, మీ దగ్గర దాపరికం ఎందుకు, కాస్త బోసిగానే ఉంటుంది.

మనం పగవాళ్ళం కాదండీ. ముక్క లేనిదే ముద్ద దిగని ఇంట్లో పుట్టాను నేను. ఆదివారం తెల్లారి ఆరింటికల్లా నాన్న స్టీలు గిన్నె పట్టుకుని మాంసం కొట్టుకి బయల్దేరేవాడు, ఆలస్యమైతే లేతది అయిపోతుందని. మూలుగ బొక్క ఎవరికి పడాలనే విషయంలో నేనూ మా తమ్ముడూ మాట్లాడుకోకుండా ఉన్న రోజులున్నాయి. ఇప్పటికీ పక్కింట్లో ఉల్లిపాయలు, అల్లం వెల్లుల్లి వేగుతుంటే కిటికీ దగ్గరే ఏదో పని కల్పించుకుంటాను. కాబట్టి మీ రుచి తెలియక ఇలా అయిపోయానని దయచేసి అనుకోకండి.

ఇక్కడ మీ బలగం ఎంతో నాకు తెలుసు. 2014లో కేంద్రం చేయించిన బేస్‌లైన్ సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లో 15 ఏళ్ళు నిండినవాళ్ళలో 98 శాతం పైగా మాంసాహారులేనని తేలింది. అంటే వందకి నిండా ఇద్దరం కూడా లేం మేము. ఎన్నికల్లో నిలబడితే డిపాజిట్ దక్కదు. ఇంత మెజారిటీ ఉండి, ప్రతిపక్షంలో మిగిలిన ఒక్కణ్ణి కూడా లాక్కుందామని గరిటెతో తిరగడం మీకు మర్యాదేనా?

మా వాళ్ళు మాంసం మానలేరని ఎవరన్నారు గనక! వీళ్ళు మానినంతగా ఇంకెవరూ మానరు. సోమవారం శివుడికి, మంగళవారం ఆంజనేయస్వామికి, గురువారం బాబాకి, శనివారం వెంకన్నకి. కార్తీకం నెలంతా. భవానీ మాల వేస్తే 41 రోజులు, అయ్యప్ప మాలైతే అదో 41. ఆషాఢంలో ఇంద్రకీలాద్రి మీద దుర్గమ్మకి శాకంబరి అలంకారం చేస్తారు చూడండి, గుడి నిండా వంకాయలు, బెండకాయలు, కాకరకాయలు, నిమ్మకాయల దండలు. మా అత్త గుంటూరు నుంచి బస్సెక్కి వచ్చి, గంటల తరబడి క్యూలో నిలబడి, ఆ తల్లిని చూసి కళ్ళు తుడుచుకుంటుంది. కూరగాయలు కట్టుకున్న అమ్మవారిది మహిమ. కూరగాయలు తినే మేనల్లుడిది మాత్రం జబ్బు.

ఇంకో వింత. కార్తీకంలో ఎవరూ ఎవరినీ ప్రొటీన్ సంగతి అడగరు. ఆ నెల ప్రొటీన్ కూడా మాల వేసుకుంటుంది కాబోలు.

దేవుడి కోసం మానితే భక్తి. డాక్టరు వద్దంటే జాగ్రత్త. ప్రేమించిన పిల్ల కోసం మానినా, నాలుగు తిట్లు తిట్టి, తర్వాత కథలా చెప్పుకుంటారు. నా అంతట నేను మానేస్తే ఆ ఖాతాకి మా ఇంట్లో పేరు లేదు. అందుకని నాలుగేళ్ళుగా ఎవరికి తోచిన పేరు వాళ్ళు పెడుతున్నారు. “రిపోర్టుల్లో ఏమన్నా వచ్చిందా నాన్నా?” అని పిన్ని గుసగుస. “ఎవరా అమ్మాయి?” అని బావ. “ఏ స్వామీజీ?” అని బాబాయి. అమ్మ ఒక్కతే ఏమీ అడగలేదు. ఎవరికీ చెప్పకుండా వెళ్ళి జాతకం చూపించుకొచ్చింది.

మీకు మాత్రం చెబుతాను. నాలుగేళ్ళ కిందట ఒక ఆదివారం చికెన్ కొట్టు దగ్గర నిలబడ్డాను. నా ముందు ఇద్దరు. కొట్టబ్బాయి కోడి మెడ కోసి నీలం ప్లాస్టిక్ డ్రమ్ములో వేశాడు. లోపల దబదబమని రెక్కల చప్పుడు. చిన్నప్పటి నుంచీ వింటున్న చప్పుడే. మామూలుగా ఆ టైములో ఫోన్ చూసుకుంటూ ఉంటాను. ఆ రోజు ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది. చప్పుడు మొత్తం విన్నాను, ఆగిపోయేదాకా. “స్కిన్ ఉంచమంటారా, తీసెయ్యమంటారా?” అని అబ్బాయి అడుగుతున్నాడు. ఇప్పుడే వస్తానని చెప్పి వచ్చేశాను. ఇంతవరకూ వెళ్ళలేదు. ఇందులో సిద్ధాంతం ఏమీ లేదు. ఈ సంగతి పంక్తిలో చెబితే “అయితే ఫోన్ చార్జింగ్ పెట్టుకోరా” అంటారని భయం.

ఇక ప్రొటీన్. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మనిషికి రోజుకు కిలో బరువుకి 0.83 గ్రాముల ప్రొటీన్ ఉండాలి. నేను 70 కిలోలు, అంటే 58 గ్రాములు. వంద గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాములు ఉంటుంది, వేరుశనగ పప్పులో ఇంకాస్త ఎక్కువ. పప్పు, పెరుగు, శనగలు, పల్లీ పచ్చడి కలిపితే లెక్క సరిపోతుంది. ఇదంతా బావకి కాగితం మీద వేసి చూపించాను. బావ ఆ కాగితాన్ని మడిచి, పళ్ళలో ఇరుక్కున్న మిమ్మల్ని తీసుకోవడానికి వాడాడు. ఆయన బిర్యానీలో రెండు ముక్కలకి కొండంత అన్నం ఉంటుంది, ఆయన ప్రొటీన్ ఎంతో ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఒక్కటి ఒప్పుకుంటాను. బి12 మొక్కల్లో దొరకదు. పాలల్లో, పెరుగులో కొంత ఉన్నా నాకు చాలక, రక్తపరీక్షలో తగ్గితే మాత్రలు వేసుకున్నాను. ఈ ముక్క బావ చెవిన వెయ్యకండి.

బాబాయిది సైన్సు మార్గం. మొక్కలు కూడా స్పందిస్తాయని జగదీశ్ చంద్రబోస్ యంత్రం పెట్టి మరీ చూపించాడు, మరి తోటకూరకి ప్రాణం లేదా అంటాడు. మిగతా రోజుల్లో బాబాయికి బోసు గుర్తురాడు. నా కంచం చూస్తేనే గుర్తొస్తాడు. ఆయన ఫారం కోడి బతికినన్నాళ్ళూ తిన్నది మొక్కజొన్న, సోయా. అంటే మీలో ఒక్కొక్కరి వెనక ఎన్ని మొక్కలున్నాయో లెక్కేసుకోమన్నాను. “అందుకే బాబూ, మొక్కల పగ తీర్చడానికి దాన్ని తింటున్నాం” అన్నాడు. ఇలాంటి వాళ్ళతో ఏం వాదిస్తాం.

పల్నాడు ప్రస్తావన కూడా వచ్చింది. కోడి కోసం యుద్ధాలు చేసిన గడ్డరా ఇది అన్నాడు బావ. ఆ కోడిపందెంలో ఓడే కదా మాచర్ల వాళ్ళు ఏడేళ్ళు ఊరొదిలి పోయింది, చివరికి కారంపూడిలో నెత్తురు పారింది, ఇందులో కోడి చేసిన మేలేమిటి అన్నాను. “అదే పౌరుషం అంటే. పప్పు తినేవాళ్ళకి అర్థం కాదు” అన్నాడు.

పెళ్ళిళ్ళలో నా బాధ గురించి ఎక్కువ చెప్పను. చేతులు కడుక్కునే చోటు పక్కన వెజ్ కౌంటర్, అందులో ఏ ఊరి పెళ్ళైనా అదే పనీర్, “మేం ముక్కలు తీసేసి పెడతాంలెండి” అనే దయగల క్యాటరింగ్ కుర్రాడు. చాలు.

అయితే పోయినేడు ఒకటి జరిగింది. ఇల్లు మారదామని వెతుకుతుంటే ఒక టులెట్ బోర్డు కింద ‘వెజిటేరియన్స్‌కి మాత్రమే’ అని రాసి ఉంది. నాలుగేళ్ళలో మొదటిసారి నా పప్పన్నం అక్కరకొచ్చింది అనుకుని మెట్లెక్కాను.

“నీచు ముట్టరుగా?” అన్నారు ఇంటాయన.

“లేదండీ. మానేశాను.”

“మానెయ్యడమేంటి? పుట్టుకతో కాదా?” అని, కళ్ళజోడు సర్దుకుని, “ఇంటిపేరు ఏమన్నారు?” అన్నారు.

చెప్పాను. మా అబ్బాయిని అడిగి ఫోన్ చేస్తాం అన్నారు. ఇంకా అడుగుతున్నట్టున్నారు. బిస్కెట్ పాకెట్‌కైతే చదరంలో పచ్చ చుక్క ఉంటే చాలు. మనిషికి చుక్క చాలదు, వంశవృక్షం చూపించాలి. ఆ రోజు మెట్లు దిగుతుంటే మీరే గుర్తొచ్చారు. మీరు నయం. ఇంటిపేరు అడక్కుండానే ఎవరి కంచంలోకైనా దిగుతారు. మా అత్త కూడా అంతే. గరిటెతో వెంటపడుతుందే గానీ, గడప దగ్గర ఎవర్నీ ఆపలేదు.

నిన్న ఆదివారం ఆ అత్తే ఫోన్ చేసింది. “నీకని విడిగా చేశాలే. గరిటె కూడా వేరే” అంది. వెళ్ళేసరికి నిజంగానే గరిటె కాడకి గుర్తుగా పసుపు దారం కట్టి ఉంది. గోంగూర పప్పు. మొదటి ముద్దకే కళ్ళు మూతపడ్డాయి. ఎక్కడో చిన్నప్పటి రుచి. ఇంతకాలానికి నన్ను గెలిపించిన పప్పు కదా అని మూడుసార్లు వేయించుకున్నాను. పంక్తిలో ఒక్కరూ ప్రొటీన్ అనలేదు, బోసు అనలేదు. అందరూ తలలొంచుకుని తింటున్నారు. అప్పుడైనా అనుమానం రావాల్సింది.

చివరి ముద్ద కలుపుతుంటే వేలికి వెంట్రుకలాంటి మీసం ఒకటి తగిలింది. దాని పక్కనే ఆవగింజలో సగం ఉన్న నల్లటి కన్ను.

“అత్తా, ఇందులో ఏం వేశావ్?”

“ముక్కలా? నీ మీద ఒట్టు, ఒక్క ముక్క లేదు. వాసనకని గుప్పెడు రొయ్యపొట్టు వేశా. పొట్టేగా అది!” అంది అత్త, పసుపు దారం గరిటె మళ్ళీ పైకెత్తుతూ.

ఇట్లు,
మూడుసార్లు వేయించుకున్న తమ విధేయుడు

తా.క.: మీకు తమ్ముళ్ళు, మారుపేర్లు ఎన్నున్నాయో ఒక జాబితా రాసి పంపగలరు. వచ్చే ఆదివారం లోపు.