మీ బలహీనత చెప్పండి, నిజం మాత్రం చెప్పకండి

ఇంటర్వ్యూలో ఉన్నమాట చెప్పి ఉద్యోగం పోగొట్టుకునే అమాయకులు ఈ రోజుల్లో కూడా ఉన్నారంటే మనసు కలుక్కుమంటుంది. పని వచ్చినవాళ్లు, చదువు ఉన్నవాళ్లు, తీరా ఆ గదిలోకి వెళ్లగానే ప్రశ్నకు జవాబు ఇచ్చేస్తారు. అక్కడ ప్రశ్నలు జవాబు కోసం అడగరన్న సంగతి వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు. వారి క్షేమం కోరి ఈ నాలుగు మాటలు.

అన్నిటికన్నా గడ్డు ప్రశ్న ‘మీ బలహీనత ఏమిటి?’ అన్నది. పొద్దున్నే లేవలేనని, పై అధికారి గొంతు పెంచితే ఊరుకోలేనని, అంకెల పట్టికలు చూస్తే కునుకు వస్తుందని చెప్పేవారు అక్కడితో సరి. బలహీనత అన్నది సంస్థకు లాభం తెచ్చేదై ఉండాలి. ‘పని లోపం లేకుండా వచ్చేదాకా వదిలిపెట్టలేను, అదే నా లోపం’ అన్న జవాబు చాలాకాలం రాజ్యమేలింది. ఇప్పుడది పనిచేయదు. ఎదురుగా కూర్చున్నవాళ్లు కూడా ఒకప్పుడు అదే చెప్పి లోపలికి వచ్చినవాళ్లే. తర్వాత ‘ఎవరు సాయం అడిగినా కాదనలేను’ వచ్చింది, అదీ అరిగిపోయింది. ప్రస్తుతం నడుస్తున్న పద్ధతి, నిజమైన బలహీనతనే చెప్పడం, కాకపోతే నిరుడే నయమైపోయినదాన్ని చెప్పడం. ‘ఒకప్పుడు నలుగురిలో నోరు విప్పాలంటే భయపడేవాణ్ణి. శిక్షణ తీసుకున్నాను. ఇప్పుడు సమావేశాలన్నీ నేనే నడుపుతున్నాను.’ రోగం, మందు, ఆరోగ్యం అన్నీ అర నిమిషంలో. ఇంత త్వరగా కుదిరే జబ్బు వైద్యశాస్త్రానికి ఇంకా దొరకలేదు.

ఇందులో చిన్న చిక్కు ఉందని ఒప్పుకోవాలి. అందరిలోకీ భిన్నంగా కనిపించడం ఎలాగో చెప్పే సలహాలను అందరూ చదువుతారు. అందువల్ల ఆ రోజు వచ్చిన అభ్యర్థులంతా ఒకే విధంగా భిన్నంగా ఉంటారు. అందరూ ఒకప్పుడు భయస్తులే, అందరూ శిక్షణ తీసుకున్నవారే. అందరి బృందాల్లోనూ ఒక తగవు వచ్చింది, దాన్ని అందరూ ఓర్పుగా విని పరిష్కరించారు, ఫలితంగా ఏదో ఒకటి ముప్పై శాతం పెరిగింది. శాతం మాత్రం మరవకూడదు. అది దేనిలో శాతమో అడిగిన బోర్డు ఇంతవరకూ లేదు.

ఈ విద్య ఈనాటిది కాదు. 1482 ప్రాంతంలో లియొనార్డో డావిన్చి మిలాన్ పాలకుడు లుదొవీకో స్ఫోర్జాకు కొలువు కోరుతూ ఒక ఉత్తరం సిద్ధం చేశాడు. ఫ్లోరెన్సులో చిత్రకారుడి దగ్గర శిష్యరికం చేసిన మనిషి, తేలికగా మోసుకెళ్లే వంతెనలు కడతానన్నాడు, కోటలు కూలుస్తానన్నాడు, ఫిరంగులు, కప్పున్న రథాలు చేస్తానన్నాడు. ఇలా వరుసగా రాసుకుంటూ పోయి, పదో అంశానికి వచ్చాక, శాంతికాలంలో భవనాలు కట్టడం, నీటిని మళ్లించడం, శిల్పాలు చెక్కడం వచ్చునని, ఆపైన బొమ్మలు కూడా వేయగలనని ఒక ముక్క తగిలించాడు. ప్రభువుకు కావలసింది యుద్ధమని గ్రహించిన ఆ చూపు చూడండి! తీరా కొలువు కుదిరాక అక్కడ ఆయన చేసిన పనుల్లో లోకానికి అన్నిటికన్నా గుర్తుండిపోయింది ఒక భోజనశాల గోడమీది బొమ్మ, ‘ది లాస్ట్ సప్పర్’. రాసుకున్న అర్హతలకూ చేయించుకునే పనికీ సంబంధం లేకపోవడమూ ఈనాటిది కాదన్నమాట.

వ్యూహం తెలియని మనిషి కావాలంటే ఐన్‌స్టయిన్ ఉన్నాడు. ఉద్యోగార్థులకు ఎడిసన్ నూటికి పైగా ప్రశ్నలతో పరీక్ష పెడుతున్న 1921లో, ధ్వని వేగం ఎంత అని ఐన్‌స్టయిన్‌ను అడిగారు. పుస్తకాల్లో దొరికే విషయాలను బుర్రలో మోయనన్నాడు. ఆయన ఎడిసన్ దగ్గర కొలువు అడగలేదు కాబట్టి సరిపోయింది.

మరి ఇంత సాధన అవసరమా? 2013లో జేసన్ డానా, ఆయన సహ పరిశోధకులు ప్రచురించిన ప్రయోగం చూస్తే సందేహం వస్తుంది. విద్యార్థుల చేత విద్యార్థులను ఇంటర్వ్యూ చేయించి, ఎదుటివారి మార్కులు ఊహించమన్నారు. జవాబు చెప్పేవారిలో కొందరికి రహస్యంగా ఒక సూత్రం ఇచ్చారు: నిజంతో పనిలేదు, ప్రశ్నలోని చివరి మాటల మొదటి అక్షరాలను బట్టి అవుననో కాదనో చెప్పాలి. అడిగేవారు పసిగట్టలేకపోయారు. పైగా, ఇంటర్వ్యూ చేయకుండా పాత మార్కులు మాత్రమే చూసి ఉంటే వాళ్ల అంచనా ఇంకా మెరుగ్గా ఉండేది.

దీన్ని పట్టుకుని కొందరు తొందరపాటు మనుషులు ముచ్చట్ల ఇంటర్వ్యూలు మానేయమంటున్నారు. అందరినీ అవే ప్రశ్నలు అడిగి, ముందే రాసుకున్న కొలతలతో మార్కులు వేస్తే అంచనా ఎక్కువ నిలుస్తుందని పరిశోధకులు ఎప్పటినుంచో మొత్తుకుంటూనే ఉన్నారు. నిజమే కావచ్చు. కానీ అందులో అధికారిగారి ప్రతిభకు చోటేదీ? మనిషి తలుపు తోసుకుని వచ్చే తీరు చూసి లోపలి సరుకు చెప్పేయగలనన్న నమ్మకం ఎంతోమంది పెద్దలకు ఉద్యోగంలో మిగిలిన ఒకే ఒక్క ఆనందం. దాన్ని లాక్కోవడం అమానుషం.

‘మా సంస్థలోనే ఎందుకు చేరాలనుకుంటున్నారు?’ అంటే జీతం కోసమని చెప్పకండి. జీతం ఇచ్చేవారికి ఆ మాట వింటే చిన్నతనంగా ఉంటుంది. ‘అయిదేళ్ల తర్వాత ఎక్కడ ఉంటారు?’ అన్నప్పుడు, అప్పటికి ఈ సంస్థ ఉంటుందా అని ఎదురు అడగకండి. ‘ఎంత ఆశిస్తున్నారు?’ అని అడిగితే అంకె చెప్పకుండా నేర్చుకునే అవకాశం గురించి మాట్లాడండి. వాళ్ల దగ్గర అంకె రాసిపెట్టే ఉంటుంది, చెప్పరు. ముందు చెప్పినవాడు ఓడిపోయినట్టు.

ఆఖరున ‘త్వరలో తెలియజేస్తాం’ అంటారు. లేచి దండం పెట్టి రావాలి. వారాలు గడుస్తాయి. ఫోను చేస్తే ఎత్తరు, రాస్తే పలకరు. మరీ అదృష్టవంతులైతే ఒకనాడు ఒక మెయిల్ వస్తుంది. దానికి తిరిగి జవాబు ఇవ్వడానికి వీల్లేదని కింద రాసి ఉంటుంది. పైన, మీరు భావవ్యక్తీకరణ నైపుణ్యాలు ఇంకా పెంచుకోవాలని ఉంటుంది.